చూడ్డానికి మాత్రమే

లోఫోటెన్‌లో జనవరి. మధ్యాహ్నం పన్నెండుకి
కిటికీలో కాస్త నీలం పుట్టి, మనసు మార్చుకుంటుంది.
దుమగెటేలో జోవెలిన్‌కి అప్పుడు రాత్రి ఏడు.
ఆమె వెనకాల, ఆ వేళప్పుడు కూడా, ఓ కోడి కూస్తుంది.

పాస్‌వర్డు సగం మెసేజీలో రాశాను.
మిగతా సగం ఫోన్లో నోటితో చెప్పాను,
పక్కింటికి వినపడుతుందేమోనని గొంతు తగ్గించి.
పక్కిల్లు నాలుగు కిలోమీటర్లు.

జాగ్రత్తంతా తాళానికే పోయింది.
ఎండుచేపల బిల్లుల గది ఇవ్వబోయి
ఇల్లంతా ఇచ్చేశాను, అటకతో సహా.

మూడోనాడు తనే చెప్పింది:
"యోరున్, నాకు కావలసింది ఒక్క గది.
నువ్వు తాళాల గుత్తి ఇచ్చావు.
'బరువులు' అని ఉంటే లెక్కలనుకుని తెరిచాను. లెక్కలే.
పడవలో ఒకాయన. గాలి.
పద్నాలుగు, పదకొండున్నర, తొమ్మిది.
చివర్లో ఎవరినో ముద్దుపేరుతో పిలిచాడు.
అక్కడ ఆపేశాను. వెనక్కి తీసుకో."

నమ్మక కాదు, అలవాటుకొద్దీ చిట్టా చూశాను.
జోవెలిన్, సోమవారం, రెండూ పద్నాలుగు, ఒక ఫైలు.
ఒక్కటే.

చేతులు తడిగా ఉంటాయని
ఐవిన్ బరువులన్నీ ఫోనుకే చెప్పేవాడు.
అరవై మూడు ఫైళ్ళు.
దీనికి మేఘం అని ఎవరు పేరు పెట్టారో గానీ
మా సముద్రం మీది మేఘం ఏదీ దాచుకోదు.
ఇది మాత్రం ఏడేళ్ళుగా కురవకుండా మోస్తోంది.
అతను పోయాక ఒక్కటీ తెరవలేదు నేను.

కోపం వచ్చింది.
ఆ పేరు నాది.
నాకన్నా ఏడు గంటలు ముందుండే ఊళ్ళో
ఎవరో ముందే వినేసింది.

ఆ రాత్రి కూర్చుని గదులు విడదీశాను.
బిల్లులు, దిద్దొచ్చు.
పడవ కాగితాలు, చూడ్డానికి మాత్రమే,
అదీ చేపలు దండేలకెక్కేదాకా.
బ్యాంకుది మూసేశాను.
'బరువులు' దగ్గర వేలు ఆగిపోయింది.

పన్నులవాళ్ళకి పాత లెక్కలు కావాలి.
ఎవరో ఒకరు వినాలి, రాయాలి.

"అంకెలు ఎక్కించు, జోవెలిన్.
డౌన్‌లోడ్ కుదరకుండా పెట్టాను, ఏమీ అనుకోకు.
ఆ పేరు ఎలా పలికాడో మాత్రం
నేనడిగినా చెప్పకు."

చాలాసేపు మూడు చుక్కలు కదిలాయి తెర మీద.
తర్వాత జవాబు:
"సరే. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాను.
మా ఇంట్లో గోడలు పల్చన."