ఎత్వం

పాతపట్నం రిజిస్ట్రారాఫీసులో
నకళ్ళ గుమాస్తాగా చేరిన కొత్తలో
నాకు చెవులు లేవు.
తెనాలి నుంచి తెచ్చుకున్న కళ్ళజోడొకటి,
దస్తూరీ బావుంటుందన్న పొగరొకటి.

ముసలి కరణంగారి దస్తావేజులో
ఉత్తరం హద్దు: ఎద్దుగెడ్డ.
పాపం, చెయ్యి వణికింది కాబోలనుకున్నాను.
ఎత్వం తీసేసి
తలకట్టు కట్టాను.
ఎద్దుగడ్డ.
ఎవరూ అడక్కుండా చేసిన ఉపకారం.
అద్దుడు కాగితం ఒత్తి, పేజీ తిప్పి
టీకి వెళ్ళాను.

పదకొండేళ్ళు ఆ పేజీ మూసే ఉంది.

ఓ మిట్టమధ్యాహ్నం
తూలుగు దాలమ్మ వచ్చింది, బొడ్డవలస నుంచి.
కొంగుముడి విప్పి
నా చేతిరాత నా ముందే పరిచింది.
"సదువు బాబూ."
చదివాను.
"మరోపాలి."
చదివాను, గొంతు కాస్త తగ్గించి.
"గడ్డంతన్నావేటి? నాను గెడ్డ అన్నాను గదా.
మా మావ గెడ్డన్నాడు. కరణంబాబు గెడ్డే రాసినాడు.
గడ్డ మీద నీళ్ళు పారతాయేటి?
ఎద్దు కెళ్ళి మన్ను తాగుతాదేటి?"

పక్క పొలం ముద్దాడవాళ్ళు
నేను కట్టిన తలకట్టు పట్టుకుని
నీళ్ళకు ఇవతల, ఆమె చేలోనే
ఓ మట్టిదిబ్బ వెతికి
ఇదే ఆ గడ్డ అన్నారట.
దిబ్బకీ నీటికీ మధ్య ముప్పైరెండు సెంట్లు.
చోళ్ళు పండే నేల.
అసలు కాగితాన్ని చెద తినేసింది.
సాక్ష్యానికి మిగిలింది నా అందమైన దస్తూరీ.

ఆ రాత్రి నేను చేసిన పని చెప్పుకోడానికి సిగ్గు:
నిఘంటువు తిరగేశాను,
ఆ మాటే తప్పయితే
నేను ఒప్పవుతానని.

రెండు గడ్డల నడుమ పారేది గనక
గడ్డే గెడ్డయిందన్నాడు బడి మాస్టారు.
మా వైపు నుంచే వచ్చుంటుందన్నాడు
టీకొట్టు సాహు, పర్లాకిమిడి దిక్కు చూపిస్తూ.
కట్టెలమోపు దించుకుంటున్న సవర ఎండయ్య నవ్వాడు:
"నీళ్ళు కొండ మీంచి దిగితే
మాట కింద నుంచి ఎక్కుతాదేటి?"

ముగ్గురిలో ఎవరిది నిజమో
ఇప్పటికీ తెలీదు.
అది తేల్చడం నా ఉద్యోగం కాదని తెలియడానికి మాత్రం
ముప్పైరెండు సెంట్లు పట్టింది.
నావి కావు.

నకలు. నకిలీ.
ఏ ఎడారులు దాటి వచ్చాయో గానీ
ఒక్క తల్లి పిల్లలే ఇద్దరూ.
మా ఆఫీసులో ఒకే బల్ల మీద కూర్చునేవారు.
చాలాకాలం నేను
పెద్దవాడి పక్కన ఉన్నాననుకున్నాను.

కోర్టులో ప్లీడరు అడిగాడు:
"అయితే నిఘంటువులో లేని మాట
రాసి ఉండాల్సిందంటారా?"
"కాగితంలో ఉన్నది రాసి ఉండాల్సిందండీ."
నాకో మెమో, ఒక ఇంక్రిమెంటు కోత.
నాలుగేళ్ళకి రాజీ కుదిరి
దాలమ్మకి ఇరవై సెంట్లు దక్కాయి.
మిగతా పన్నెండూ
నా కలం కింద ఉన్నాయి ఇంకా.

పింఛను తీసుకుని ఇక్కడే ఉండిపోయాను.
ఇప్పుడు నేనూ బేగి రమ్మంటాను.
ఫోన్లో తెనాలి చెల్లెలు నవ్వుతుంది,
అన్నయ్య గొంతులో
ఎవరో మాట్లాడుతున్నారని.

మొన్న మీసేవలో
దాలమ్మ మనవరాలు ఢిల్లీశ్వరి,
టైపు కొడుతూ ఆగిపోయింది.
"మా పుస్తకాల్లో వాగనే ఉంటాది తాతా,
మా మామ్మ పోయాక
ఇంట్లో ఈ మాట అనేవాళ్ళు కూడా తగ్గినారు.
ఇదిగో, కంప్యూటరుకీ నచ్చలేదు.
మార్చీమంటావా?"

వంగి చూశాను.
ఎత్వం ఉంది, సరిగ్గా దాని చోట.
గెడ్డ కింద
వంకరటింకరగా ఓ ఎర్రగీత.

ఉండనీయమ్మా, అన్నాను.
కొత్తనీరు అలాగే ఉంటాది.