మోకాళ్ల సీసా

మెడెలిన్‌లో రాత్రి రెండయింది.
గాజు గిన్నెల్లో నరాల కణాలు లెక్కపెడుతున్నాను.
నిన్న వాటికి విషం పెట్టింది నేనే,
అమ్మ తలలో ముద్దకడుతున్న ఆ ప్రొటీనే.
సగం గిన్నెల్లో మాత్రం
గంజాయి ఆకులోంచి తీసిన
మత్తెక్కించని చుక్క ఒకటి వేశాను.
గంజాయి వనంలో తులసిని వెతకడం,
దానికే నాకు జీతం.

చుక్క పడని చోట
కణాలు దారాలు తెంపుకుని ముడుచుకుపోయాయి.
పడిన చోట
ఇంకా ఒకదానికొకటి చేతులు చాస్తున్నాయి.
"అన్నీ కాదు" అని పుస్తకంలో రాశాను.
గిన్నె మనిషి కాదని మా పెద్దాయన రోజూ అంటాడు.

తెల్లారి ఇంటికెళ్తే
అద్దెకోసం వచ్చానని అమ్మ భయపడింది.
వచ్చే నెల ఇస్తానంది.

మంచం కింద తన పాత సీసా తీశాను:
సారాలో నానేసిన అదే ఆకు,
కాఫీ తోటల కొండలెక్కి దిగిన మోకాళ్లకు మందు.
అరచేత్తో రాస్తుంటే
వాసన ముక్కుకు తగిలినట్టుంది.
"మెల్లగా, యోలీ" అంది.

పేరు. అదీ సగమే.
ఏ గిన్నెమీద అంటించను దాన్ని?