ఆ ఏడు సెకన్లు

ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని
శ్రీకాకుళం బస్సు దిగాను నరసన్నపేటలో.
లైబ్రేరియన్లకి ఆన్‌లైన్ పాఠాలు తయారుచెయ్యడం నేర్పాలి,
మూడు నెలల కాంట్రాక్టు.
నలభై రెండు స్లైడ్లు. మొదటిదాని మీద నా పేరే పెద్దది.

సనపల తవిటినాయుడు గారు
ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల్లోంచి అన్నీ చూశారు.
మధ్యలో రెండుసార్లు లేచి
పేపరు చదివేవాళ్ళ వైపు ఫ్యాను తిప్పి వచ్చారు.
చివరికి అన్నారు:
"బాగుంది పాపా. గానీ ఇందల
పుస్తకం అడగడానికొచ్చినోడు ఏడీ?"

లేడు.
బాణం గుర్తులున్నాయి, నీలం పెట్టెలున్నాయి,
లక్ష్యాలు ఒకటి నుంచి ఆరు దాకా ఉన్నాయి.

మర్నాడు ఒక్కటే పాఠం తీశాం.
ఫోనుకి స్టాండు లేదు.
బైండింగుకి పోవాల్సిన పాత గెజిట్లు నాలుగు, మీద గమ్ము సీసా,
దానికి ఆనించాం.
ఆయన కెమెరాని చూడలేదు,
కౌంటరు ముందరి ఖాళీ కుర్చీని చూశారు.
"వరికి దోమపోటు తగిలీసిందని ఓ రైతు వొచ్చినాడు.
మందుల షాపోడు సెప్పింది నమ్మబుద్ధి కాక
నీ కాడికొచ్చినాడు.
కేటలాగులో ఏ మాట కొడతావు?"

అడిగి ఊరుకున్నారు.

బయట కండక్టరు టెక్కలి, టెక్కలి, పలాస అని అరిచాడు.
ఎవరో పేజీ తిప్పారు.
పాఠం మర్చిపోయారనుకుని నేను చెయ్యి ఊపాను.
ఆయన కుర్చీ వైపే చూస్తున్నారు.

రాత్రి లాడ్జి గదిలో సాఫ్ట్‌వేరుకి అప్పజెప్పాను.
మాట లేని చోటు కనబడితే చాలు
చేపకి పొలుసు తీసినట్టు తీసేస్తుంది.
నాలుగు నిమిషాల పాఠం మూడున్నర అయింది. శుభ్రంగా ఉంది.

"నా మాటలన్నీ ఉన్నాయి," అన్నారు పొద్దున చూసి,
"ఎదరోడి మాట కోసీసినావు."
ఎదురుగా ఎవరూ లేరు కదండీ, అన్నాను.
"ఆ ఏడు సెకన్లూ ఆడివి పాపా. మనివి కావు."

అంటే ఏడు అని లెక్కపెట్టుకున్నారన్న మాట.

కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది.
తిరిగి అతికించేసరికి మధ్యాహ్నం,
కండక్టరు కేకతో సహా.

వారం తర్వాత గ్రాఫు చూశాను.
నా పాత పాఠాలు
మొదటి నిమిషంలోనే జనం దిగిపోయే బస్సులు.
ఇది మాత్రం ఆ ఏడు సెకన్ల దగ్గర
పైకి లేచింది.
వెనక్కి తిప్పుకుని మళ్ళీ విన్నారు,
ఏమీ లేని చోటుని.

హిరమండలం నుంచి వాయిస్ మెసేజ్ ఒకటి, గేదెల గున్నమ్మ:
"సార్, నాను దోమ అని గట్టిగా సెప్పీసినాను,
మీకు ఇనపడ్డాదేటి?
అదే కొట్టి సూస్తే
మలేరియా పుస్తకాలు పదకొండొచ్చినాయి!"
నవ్వు, నవ్వు ఆపుకోలేక దగ్గు,
వెనక ఇంకెవరిదో మగగొంతు నవ్వు.
"ఇప్పుడు వరి అని కొట్టాలా, తెగులు అని కొట్టాలా?
సెప్పీకండి. నానే సూస్తాను."

తవిటినాయుడు గారు రెండుసార్లు విన్నారు.
జవాబు చెబుతారేమోనని ఫోను చాపాను.
తల అడ్డంగా ఊపి
పాత పేపర్ల కట్టకి దారం వెయ్యడానికి వెళ్ళిపోయారు.

నా స్లైడ్లు ఇప్పుడు తొమ్మిది.
ఐదోదాని మీద ఏమీ లేదు.
పొరపాటు అనుకుని ఎవరైనా నింపేస్తారని భయమేసి,
కిటికీలోంచి సీట్లోకి తువ్వాలు విసిరినట్టు,
కింద మూలన చిన్న అక్షరాలతో రాశాను:
ఇక్కడ మనిషున్నారు.