పది దాకా

సాల్మియా నుంచి వాళ్లు వచ్చిన రోజు
అబ్బాసియాలో మురుగు పొంగింది.
గేటు ముందు నాలుగు ఇటుకలు పరిచాడు వాచ్‌మన్ బషీర్.
కుచ్చిళ్లు పైకి పట్టుకుని
ఇటుక మీంచి ఇటుక మీదికి దాటుతూ
మొదట లోపలికొచ్చింది సోఫీ కురియన్ టీచర్.
నూటికి నూరుమందీ పాసయ్యే బడి ఆవిడది.
చంకలో నీలం ఫైలు.

నాకు ఒళ్లు మండింది, దాచుకోను.
పదకొండేళ్లుగా ఒక పాత విల్లాను బడి అని పిలుస్తున్నాం.
దాని వంటగది మా ల్యాబు.
ఆరు బి లో యాభై రెండు మంది, ఒక ఏసీ.
అది చల్లబరచదు, గొణుగుతుంది.
"మీ మంచి పద్ధతులు మాకూ కాసిన్ని"
అని మా ప్రిన్సిపాల్ నవ్వుతుంటే
ఎవరో కట్టి విడిచిన చీర
నా భుజం మీద వేసినట్టనిపించింది.

ఫైలు తెరిచింది.
పిల్ల రాని మొదటి రోజే ఇంటికి ఫోన్ చేయాలట.

చేశాను టీచర్.
పెంచలప్రసాద్ వాళ్ల నాన్నకి పదహారు సార్లు చేశాను.
మొదట్లో మోగింది, తర్వాత మోగలేదు,
నెల తర్వాత ఎవరో బంగ్లా మనిషి ఎత్తి
ఈ సిమ్ము ఇప్పుడు నాది అన్నాడు.
ఆకామా అయిపోయిన ఇంటికి
ఏ నంబరుకు చేయాలో మీ ఫైల్లో ఉందా?

పెన్ను మూత పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది.

పై వారం ఫైలు తేలేదు.
వెనక బెంచీలో, విరిగిన వైపు కూచుని
నా భిన్నాల పాఠమంతా విన్నది.
గంట కొట్టాక ఒక్కటే మాట:
"ప్రశ్న అడిగి జవాబు కూడా మీరే చెప్పేస్తున్నారు.
మధ్యలో రెండు సెకన్లు. గడియారం చూశాను."

తలుపవతల రెండో షిఫ్టు వరస కట్టి నిలబడితే
ఎక్కణ్ణుంచి తేను తల్లీ సెకన్లు?

"పది లెక్కపెట్టండి, మనసులో."

ఆ రాత్రి గంజి వారుస్తూ లెక్కపెట్టి చూశాను.
పది చాలా పొడుగు.
పక్క ఫ్లాటు బిడ్డ ఏడుపు మొదలెట్టి మానేసేంత.

మర్నాడు అడిగాను:
ఒక ఖుబ్బూసు, ముగ్గురు సమంగా పంచుకున్నారు,
ఒకడు తన వంతులో సగం దాచాడు.
దాచింది ఎంత?

ఒకటి. రెండు.
ముందు బెంచీ చేతులు లేచాయి. ఆగమన్నాను.
మూడు. నాలుగు.
కిటికీ కింద నీళ్ల ట్యాంకరు రివర్సు కూత.
ఐదు. నాలుక దురద పెట్టింది.
ఆరు.
ఏడు దగ్గర గౌసియా,
రాయచోటి నుంచి కోయిటకొచ్చి రెండేళ్లయినా
హాజరుకు తప్ప నోరు విప్పని గౌసియా,
లేవకుండానే అంది:
"ఆరో వంతు మేడమ్.
అయినా దాచింది ఎవురికి?"

నాకు తెలీదు.
ఇప్పుడు లెక్కపెట్టేది ఆ పిల్ల.

జనవరిలో మా వంతు. సాల్మియా వెళ్లాం.
స్టాఫ్ రూములో తివాచీ, చప్పుడు చేయని ఏసీ,
కిటికీ నిండా సముద్రం.
"మీ నుంచి మాకేమిటి?" అని మర్యాదగా అడిగారెవరో.
పెంచలప్రసాద్ సంగతి చెప్పాను.
అలాంటి ఫోన్ మీరైతే ఎవరికి చేస్తారని అడిగి
మనసులో మొదలుపెట్టాను.

సోఫీ టీచర్ పెదాలు కూడా కదులుతున్నాయి.

తొమ్మిది.
పది.
పదకొండు.