ఒంటి తుమ్ము

హడర్స్‌ఫీల్డ్ బస్ స్టేషన్, పొద్దున్న ఆరూ నలభై.
చీకటి ఇంకా విడలేదు.
వానా అనలేం, మంచూ అనలేం,
ఎవరో తడిగుడ్డ విదిలించినట్టు ఒక తుంపర.
గాజుగోడ పక్కన తొమ్మిదిమంది,
ఒకరి వెనక ఒకరు.
బస్సు ఖాళీ అని తెలుసు, సీట్లు నలభై రెండని తెలుసు,
అయినా తొమ్మిదో మనిషి
ఎనిమిదో మనిషిని దాటి ఒక్క అడుగు వెయ్యడు.
పెళ్ళిళ్ళలో, తినేవాళ్ళ కుర్చీ వెనకే నిలబడి
రెండో బంతికి చోటు పట్టుకున్నదాన్ని నేను.
ఈ వరస చూసి మొదట్లో నవ్వు రాలేదు,
భయమేసింది.

"ఆల్‌రైట్, లవ్?" అంటాడు మొదట ఎక్కినవాడు.
నా మొగుడు పద్నాలుగేళ్ళలో అనని మాట
పాసు చూపించే ప్రతివాడూ అంటాడు.
వారం రోజులు చెవులు వేడెక్కాయి.
తర్వాత అర్థమైంది, అది మన "అమ్మా" లాంటిదే,
ఆరేళ్ళ పిల్లనీ అరవయ్యేళ్ళ మనిషినీ
కూరలబండివాడు ఒకే గొంతుతో పిలిచే అమ్మా.

ఎలా ఉన్నారంటే
"మరీ అంత అధ్వానంగా లేను" అంటుంది మోరీన్,
తుంటి ఎముక మార్పించుకుని మూడు వారాలు కాలేదు.
దిగేటప్పుడు అందరూ థాంక్యూ చెప్పి దిగుతారు,
ఇది నా ఉద్యోగం కానట్టు,
ఏదో దారినపోతూ జాలిపడి ఎక్కించుకున్నట్టు.
వాన వెలిస్తే, వాన వెలిసిందని నాకు చెబుతారు,
ఇంత పెద్ద అద్దం వెనక కూర్చున్న నాకు.
నవ్వే హక్కు నాకెక్కడిది,
గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ మనిషిని
"వచ్చావా?" అని అడిగే ఇంట్లో పెరిగి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ మంగళవారం ఒక ఎత్తు.
తలుపు మూశాను. హ్యాండ్‌బ్రేక్ తీశాను.
అప్పుడు తుమ్మాడు క్లిఫర్డ్,
ఉన్ని మిల్లులో మగ్గాల మోతకి
ఒక చెవి అప్పజెప్పి వచ్చిన క్లిఫర్డ్.
ఒక్కటే తుమ్ము, కిటికీలు అదిరేట్టు.
"బ్లెస్ యూ" అంది బస్సంతా,
ఒకరి మొహం ఒకరు చూసుకోని బస్సు, ఒకే గొంతుతో.
నా కాలు మాత్రం బ్రేకు మీదే ఉండిపోయింది.

చదివింది ఫిజిక్సు.
ఈ విషయంలోనే అమ్మమ్మని ఎన్నిసార్లు ఏడిపించానో.
ఇంటర్ పరీక్షకి బయల్దేరుతుంటే ఎవరో తుమ్మారని
చెప్పులు విప్పించి, కూచోబెట్టి, మంచినీళ్ళు తాగించి
పావుగంట ఆలస్యంగా పంపింది.
ఆవిడ పోయి పదకొండేళ్ళు.
ఆవిడ చెయ్యి ఇంకా నా మోకాలి మీదే ఉంది.

సీసా మూత తీశాను. ఒక్క గుక్క.
అద్దంలో తొమ్మిది జతల కళ్ళు.
ఎవరూ అడగలేదు, అడగకపోవడం ఇక్కడి మర్యాద.
నెల తర్వాత మోరీనే అడిగింది,
సారీ చెప్పి,
సారీ చెప్పినందుకు ఇంకో సారీ చెప్పి.
ఒకటైతే కీడు, ఆగాలి.
రెండైతే ఏం లేదు, పోవచ్చు, అన్నాను.
"సబబుగానే ఉంది" అంది,
మ్యాగ్‌పై పిట్ట ఒంటరిగా కనిపిస్తే
నడిరోడ్డు మీదైనా దానికి సెల్యూట్ కొట్టే మోరీన్.

నిన్న మళ్ళీ తుమ్మాడు క్లిఫర్డ్,
సరిగ్గా తలుపు మూసుకున్నాక.
బ్లెస్ యూ అన్నారు. ఊరుకున్నారు.
చేత్తో తడిమాను, సీసా లేదు,
వంటింటి గట్టు మీద మర్చిపోయాను.
గడియారం కదులుతోంది, బస్సు కదలడం లేదు.
వెనక గుసగుస. ఒక మోచేతి పోటు.
వినిపించే చెవి వైపు వంగి మోరీన్ ఏదో అంది.
క్లిఫర్డ్ టోపీ సర్దుకున్నాడు,
మడత చెదరని జేబురుమాలు తీశాడు,
గొంతు సవరించుకున్నాడు,
పసిపిల్లాడు కూడా నమ్మని
ఒక దొంగతుమ్ము తుమ్మాడు.
"ఇక పద, లవ్."

"చిరంజీవ!" అనేశాను పైకే,
ఎనభై దాటిన మనిషిని.
బస్సు గుట్టెక్కడం మొదలుపెట్టింది.