ఇరవై రెండు పొట్లాలు

వాన కాస్త తెరిపిచ్చింది.
రంగేయిలుండ నుంచి వచ్చిన మూడు మొగలిపొత్తులు
చాప మీద విప్పుతున్నాను.
అంచు ముళ్ళు ముందు తీయాలి,
గోటితో, ఎదురు దిక్కు నుంచి,
చేప పొలుసు గీకినట్టు.
పొత్తి లోపలి పసుపు పొడి రాలిపోకుండా
కింద పళ్ళెం పెట్టాలి.
ఇంత గొడవా దానికోసమే.

శివుడికి పనికిరాని పువ్వంటారు.
అబద్ధపు సాక్ష్యం చెప్పిందట ఎప్పుడో.
మా పెట్టెలో చీరలు
ఆ తగువులోకి వెళ్ళవు.

ఆషాఢంలో బరంపురంలో ఏదీ ఎండదు.
చొక్కా ఎండదు, గోడ ఎండదు, మనిషి ఎండడు.
వెదురుబుట్ట బోర్లించి
కింద పిడక నిప్పు మీద బూడిద కప్పి
పైన రేకులు పరుస్తాను.
నాలుగు రాత్రులు.
విరిస్తే అప్పడంలా టప్పుమనాలి.
మెత్తగా వంగిందంటే
సంచిలో బూజు పుట్టి
ఎవరి పెళ్ళిచీర మీదో మచ్చ దిగుతుంది,
ఆ తిట్లన్నీ నాకు.

వట్టివేళ్ళు అరచేతుల్లో నలిపి,
కచోరాలు రోట్లో కచ్చాపచ్చాగా దంచి,
ఎండిన కమలాతొక్క, లవంగాలు,
సాంబ్రాణి పలుకొకటి,
వాసన లేచి పారిపోకుండా కూర్చోబెట్టడానికి.
గుడ్డ నరసాయమ్మది.
మగ్గం కోసి దించాక మిగిలిన పట్టుతుండ్లు,
కొన్నిటికి కుంభం అంచు సగంలో తెగి ఉంటుంది.
"డబ్బులెందుకే, రెండు పొట్లాలు నాకొగ్గేయ్" అంటుంది.

చెప్పడం మరిచాను,
నాకు వాసన తెలియదు.
రెండేళ్ళ కిందట వచ్చిన జొరం
పోతూ పోతూ ముక్కులోంచి ఏదో పట్టుకుపోయింది.
పప్పు మాడితే పొగ చూసి లేస్తాను.
పాలు విరిగాయో లేదో నాలిక్కే తెలియాలి.

అంతకుముందు గురువులు భట్టీ నుంచి వస్తుంటే
వీధి మలుపులోనే తెలిసేది.
పగలంతా రాగి డేగిశాల పక్కన నిలబడి
పెళ్ళికొడుకులా గుప్పుమంటూ దిగేవాడు.
"ముందు నీళ్ళోసుకో,
అన్నం కూడా మొగలి కొడుతోంది" అని కసిరేదాన్ని.
ఇప్పుడు గడప బయట ఆగి
"ఒచ్చినానే" అంటాడు.
రెండేళ్ళుగా రోజూ, ఆ ఒక్క మాట.
అలా అనమని నేను అడగలేదు.

పక్కింటి ఒడియా పిల్ల ఝునూ
ఈ రెండేళ్ళుగా నా ముక్కు.
పొట్లానికొక చింతపండు బిళ్ళ కూలి.
మూతికి ఆనించుకుని కళ్ళు మూసి
తీర్పులు చెబుతుంది.
"మావుసీ, ఇది తుమ్ము."
"ఇది మా బోవు పెట్టె."
"ఇది బడిలో కొత్త పుస్తకం."
"ఇది ఏమీ కాదు."
ఏమీ కానిదాన్ని కుట్టు విప్పి
మరో రెండు లవంగాలు వేస్తాను.

ఇరవై రెండోది పట్టుకుని
చాలాసేపు మాట్లాడలేదు.
బిళ్ళ బుగ్గ మారింది.
"ఇది మౌసా."
సరిగ్గా చూడవే అన్నాను.
మళ్ళీ పీల్చింది.
"మౌసానే. కానీ స్నానం చేసిన మౌసా."

ఏం తక్కువైంది?
చెమటా? రాగా? కట్టెల పొగా?
పిల్లకి చెప్పడం రాలేదు,
ఇంకో బిళ్ళ అడిగింది.
కుట్టు విప్పి, పొయ్యిలోంచి
చల్లారిన బొగ్గు గోరంత చిదిమి వేశాను.
తూచి చూసుకున్నాను, బరువేమీ మారలేదు.
మళ్ళీ కుట్టబోతే దీపాల వేళైంది,
సూదిబెజ్జం కనబడటం మానేసింది.

గడప దగ్గర చెప్పుల చప్పుడు.
అతను నోరు తెరవబోతుండగానే
"తెలిసిందిలే, వీధి మలుపులోనే" అన్నాను.

రెండు చేతుల నిండా
మొగలి పుప్పొడి.