గాలి గిట్టనిది

సిరంజి సూదిని రబ్బరు బిరడాకు గుచ్చి
మెట్లు దిగి ఉరికొచ్చిండు వార్డు బాయ్.
"మేడం, గాలి తగలనియ్యలే" అన్నడు,
పురిటి బిడ్డను ఎండ పడకుండ తెచ్చినట్టు.

రాజీరు, నలభై ఒకటి, నెక్కొండ.
పసుపు తవ్వుతుంటే గడ్డపార పాదంల దిగింది.
ఆ పసుపే నూరి పెట్టి కట్టు కట్టిరు.
మూడో రోజు నొక్కితే తోలు కింద
అప్పడం నలిగిన చప్పుడట.

స్లైడు మీద ఊదారంగు కడ్డీలు.
కాజీపేట యార్డుల ఆపిన గూడ్సు డబ్బాల లెక్క
కొసలు మొండిగ, ఒకదాని వెనుక ఒకటి.
చీము కణాలు వెతికితే ఒకటో రెండో.
ఫోన్ చేసి సర్జన్‌కు చెప్పిన, ఇప్పటికైతే అనుమానమే అని.
"నాకు అనుమానం చాలు" అన్నడు, పెట్టేసిండు.

ప్లేట్లు జార్‌ల పేర్చి
ప్యాకెట్ మూతి కత్తిరించి నీళ్ళు పోసి
మర బిగించిన.
లోపలి గాలి సన్నగ నీరైతుంటది,
గోడలకు చెమట పడుతది.
నీలం చీటీ తెల్లబడేదాక ఇంటికి పోను.
పందొమ్మిదేండ్ల సంది ఇదొక్కటే నా మొండితనం.
చెట్టు పుట్టకముందు పుట్టినయి ఇవి.
మన ఊపిరి వీటికి విషం.
గాలి రాకముందటి ఆ పాత లోకాన్ని
రెండున్నర లీటర్ల డబ్బాల
వారానికి రెండు మూడుసార్లు కట్టిస్త నేను.

నలభై ఎనిమిది గంటలు.
మూత తీస్తే కుళ్ళు కంపు.
ఎనుమాముల దిక్కు నుంచి మిర్చి ఘాటొచ్చి
దాంతోని కాసేపు కొట్లాడి ఓడిపోయింది.

పెరాక్సైడ్ చుక్క వేసిన. ఒక్క బుడగ లేదు.
ఇండోల్‌కు ఎర్ర ఉంగరం రాలేదు.
పాలు మాత్రం, అబ్బ!
గడ్డకట్టి, చీలి, పింజలు పింజలై
దూది బిరడా దాక తన్నుకొచ్చినయి.
గుడ్డుసొన ప్లేటుకు సగం మీద విరుగుడు పూసి ఉంచిన:
పూయని దిక్కు గీత చుట్టూ పొగమంచు,
పూసిన దిక్కు గీత ఉత్త గీతే.

క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్.
రాసి, కింద గీత కొట్టి, తారీఖు వేసిన.
కాలు మొన్న రాత్రే తీసేసిరు,
మోకాలి మీదికి.

కిటికీ కాడ ఉప్పలమ్మ, ఆయన భార్య.
"గీ కాయితం ఇప్పుడెందుకు మేడం?"
ఫైల్ల పెట్టనీకి, అన్న.
నా మాట నాకే సిగ్గనిపించింది.
ఆమె కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి
"ఇది యాడికెల్లి వచ్చింది?"
మట్టిల ఉంటదమ్మా.
"ఎవల మట్టి? కౌలుదా, మాదా?"

ఏ ట్యూబుల పోసి చూడాలె దీన్ని?

కొంచెంసేపు ఆగి తనే లెక్క చూసుకుంది:
"మాదైతే నాలుగు గుంటలే.
అండ్ల పసుపు వెయ్యలే."
కాగితం మడిచి కొంగుల ముడేసుకొని పోయింది.

లోపలికొచ్చి చూస్తే
బల్ల మీద పడేసిన చీటీ
గాలి తగిలి మళ్ళ నీలమైంది.